‘చేస్ట్’: సంయమనాన్ని చెప్పే ఒక ఇంగ్లీషు విశేషణం

ఇంగ్లీషులో నిర్మలతను చెప్పే విశేషణాలు చాలా ఉన్నాయి. వాటిలో ‘చేస్ట్’ వాడుకలో ఇరుకైనది, చరిత్రలో లోతైనది. బంగారం ‘ప్యూర్’ అవుతుంది గానీ ‘చేస్ట్’ కాదు. నెయ్యి, నీళ్లు, పట్టు, గాలి, వీటిలో ఏదీ ‘చేస్ట్’ కాదు. మనిషి అవుతాడు. మనిషి ప్రేమ, ముద్దు, చూపు అవుతాయి. ఒక రచయిత వచనం, ఒక భవనం ముఖభాగం, ఒక వక్త మాట్లాడిన భాష కూడా అవుతాయి. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ జాబితాను కలిపే సూత్రం ఒకటుంది: హద్దు దాటే వీలుండి దాటకపోవడం, కలుపుకునే అవకాశముండి కలుపుకోకపోవడం. రాగిని వద్దనే శక్తి బంగారానికి లేదు. మనిషికి, మనిషి చేతి పనికి ఆ శక్తి ఉంది. ‘ప్యూర్’ ఒక స్థితిని చెబుతుంది, ‘చేస్ట్’ ఆ స్థితి వెనక ఉన్న సంయమనాన్ని చెబుతుంది. ఈ తేడా పట్టుబడితే మాట చరిత్రలోని మలుపులు అర్థమవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో వెలువడే ఇంగ్లీషు పత్రికలు ఒకరు ‘చేస్ట్ తెలుగు’ మాట్లాడారని రాసినప్పుడు నిజానికి ఏం చెబుతున్నాయో కూడా తేలుతుంది.

ఉచ్చారణలో ఇది ‘వేస్ట్’, ‘పేస్ట్’ మాటలతో ప్రాస కలుస్తుంది. తరమడమనే అర్థం గల ‘చేజ్’ క్రియకు భూతకాల రూపం కూడా సరిగ్గా ఇలాగే పలుకుతుంది, రాత మాత్రం వేరు. నామవాచకం ‘చాస్టిటీ’లో మొదటి అచ్చు కురచవుతుంది, ‘వేన్’ నుంచి ‘వ్యానిటీ’ ఏర్పడినప్పుడు జరిగే మార్పే ఇదీ. ‘చేస్ట్‌లీ’ క్రియావిశేషణం, ‘అన్‌చేస్ట్’ వ్యతిరేక రూపం. ‘చాస్టిటీ’ అనగానే స్త్రీపురుష సంబంధాల ఊహ ముందుకొస్తుంది కాబట్టి, రచనాశైలి గురించి చెప్పేటప్పుడు ‘చేస్ట్‌నెస్’ అనే రూపం కూడా వాడతారు.

మాటకు మూలం లాటిన్‌లోని ‘కాస్తుస్’. దోషం లేని, నియమం తప్పని, దైవకార్యానికి తగిన అని దాని అర్థాలు. ఈ మాటకూ, లేకపోవడం అనే అర్థమిచ్చే ‘కరేరె’ అనే లాటిన్ క్రియకూ చుట్టరికం ఉందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. రెండింటి వెనకా ‘కోయడం’ అనే అర్థం గల ఒక ఇండో-యూరోపియన్ ధాతువును ఊహించి, సంస్కృతంలోని ‘శస్త్ర’ శబ్దాన్ని కూడా అదే కుటుంబంలో చేర్చినవారున్నారు. ఆ లెక్కన దోషం నుంచి కోసి వేరుచేసినది ‘కాస్తుస్’. ‘కరేరె’ క్రియ ఇంగ్లీషులో ఇంకో చోట మిగిలింది. రాతప్రతిలో అక్షరమో మాటో జారిపోయిన చోట పెట్టే గుర్తును ‘కారెట్’ అంటారు. ‘లేదు’ అని దాని అర్థం. తెలుగువారి హంసపాదు అదే. నిర్మలతను చెప్పే మాట పుట్టుకలోనే ఒక లేమి దాగి ఉంది. ఏది లేదో చెప్పనిదే ఈ విశేషణానికి అర్థం పూర్తి కాదు. తర్వాతి కాలంలో దీనిచుట్టూ పుట్టిన గందరగోళంలో చాలా భాగం ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చిందే.

రోమన్లకు ఇది ప్రధానంగా ఆరాధనకు సంబంధించిన మాట. ఒక దేవత పేరిట కొన్నాళ్లపాటు కొన్ని సుఖాలకు దూరంగా ఉండే నియమాన్ని కూడా ‘కాస్తుస్’ అనే నామవాచకంతోనే పిలిచేవారు. ధాన్యదేవత సెరెస్ పేరిట అలాంటి నియమం ఉండేది. నోము పట్టిన రోజు ఉపవాసం ఉండడం, మడి కట్టుకోవడం ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ అర్థం వెంటనే అందుతుంది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలో సిసిరో చట్టాల గురించి రాసిన గ్రంథం రెండో భాగంలో, దేవతల సన్నిధికి ఎలా వెళ్లాలో చెబుతూ ఈ మాటకు క్రియావిశేషణ రూపం వాడాడు. వాడి ఊరుకోకుండా వివరణ కూడా ఇచ్చాడు. ఈ నియమం అన్నిటికంటే ముందు మనసుకు సంబంధించింది, శరీరశుద్ధిని ఇది తోసిపుచ్చదు, అయితే శరీరం కంటే మనసు ఎంతో గొప్పది కాబట్టి ఒంటికి పాటించే శుద్ధిని మనసుకు ఇంకా ఎక్కువగా పాటించాలి అని ఆ వివరణ సారాంశం. అప్పటికి ఈ మాట స్త్రీలకే కట్టుబడి లేదు. వర్జిల్ తన ఇతిహాసం ఆరో సర్గలో పరలోకంలోని పుణ్యాత్ములను చూపిస్తూ, బతికినంతకాలం నియమం తప్పని పూజారులకు ఈ విశేషణాన్నే వేశాడు.

‘కాస్తుస్’ సంతతి ఇంగ్లీషులో పెద్దదే. తీవ్రంగా మందలించడమనే ‘క్యాస్టిగేట్’ ఈ కుటుంబానిది; దారిలో పెట్టడం, శుద్ధిచేయడం దాని తొలి భావం. అదే లాటిన్ క్రియ ఫ్రెంచి మీదుగా తిరిగివచ్చి ‘చేసన్’, ‘చాస్టైజ్’ అయింది. వావివరస తప్పిన సంబంధాన్ని చెప్పే ‘ఇన్‌సెస్ట్’ కూడా ‘కాస్తుస్’కు నిషేధార్థక ఉపసర్గ చేరగా ఏర్పడిన మాటే. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద పేరు ‘అగ్నుస్ కాస్తుస్’. అది మన వావిలికి దగ్గర బంధువు, రెండూ ఒకే ప్రజాతి. గ్రీకులో ఆ పొద పేరు, పవిత్రం అనే అర్థమిచ్చే మాట ఒకేలా వినిపించడంతో రెండూ కలగలిసిపోయాయి; లాటిన్‌వారు దాని పక్కన తమ ‘కాస్తుస్’ను కూడా చేర్చారు. ఏథెన్స్ స్త్రీలు థెస్మోఫోరియా ఉత్సవ దినాల్లో నియమం పాటిస్తూ ఆ ఆకులను పడకగా పరుచుకునేవారని ప్లినీ రాశాడు.

ఈ కుటుంబంలోనే లెక్కించే మరో మాట భారతదేశానికి బాగా తెలుసు. పోర్చుగీసు భాషలో వంశం, జాతి అనే అర్థంలో ‘కాస్త’ అనే మాట ఉంది. 16వ శతాబ్దిలో ఈ దేశానికి వచ్చిన పోర్చుగీసువారు ఇక్కడి సమాజంలో చూసిన విభజనకు ఆ పేరే పెట్టారు. ఇంగ్లీషు ‘క్యాస్ట్’ అక్కడి నుంచి వచ్చింది. కలుషితం కాని వంశం అనే భావంతో ‘కాస్తుస్’కు స్త్రీలింగ రూపం ఇలా మారిందని చాలా నిఘంటువులు చెబుతాయి. స్పానిష్ పదచరిత్రకారుడు కొరొమినాస్ దీన్ని ఒప్పుకోక గోతిక్ మూలాన్ని ప్రతిపాదించాడు. వివాదం ఎలా తేలినా, ఇక్కడి విభజనకు పేరైన ‘క్యాస్ట్’లో కలయిక వద్దనే భావం ఉంది. లాటిన్ మూలమే నిజమైతే, ఒక మనిషి తనకు తాను పెట్టుకున్న నియమంగా మొదలైన భావం ఇక్కడ పుట్టుకకు అంటగట్టిన కొలత అయింది. సంయమనం లేని చోట, ఎంపికకు తావు లేని చోట ఈ మాటను నిలబెట్టడం దాని మూలార్థానికి పూర్తిగా విరుద్ధం.

ఇంగ్లీషులోకి ‘చేస్ట్’ 13వ శతాబ్దిలో ఫ్రెంచి నుంచి వచ్చింది. అంతకుముందు ఈ అర్థాన్ని మోసింది నేటి ‘క్లీన్’ మాటకు పాత రూపం. ఫ్రెంచి మాట స్థిరపడ్డాక ‘క్లీన్’ ఎక్కువగా ఒంటికీ ఇంటికీ గిన్నెలకూ మిగిలింది. తెచ్చినవారు మతగురువులు కాబట్టి ‘చేస్ట్’ మొదటి నుంచీ క్రైస్తవ నీతిశాస్త్రపు మాటగా నడిచింది. ఆ శాస్త్రంలో దీని పక్కనుండే మరో మూడు మాటలను దీనితో కలిపేయడం తరచు జరిగే పొరపాటు. ‘వర్జిన్’ అంటే లైంగికానుభవం లేని వ్యక్తి. ‘సెలిబేట్’ అంటే అవివాహితంగా ఉండాలని నిర్ణయించుకున్న వ్యక్తి. దాని లాటిన్ మూలానికి అర్థం పెళ్లికానివాడని మాత్రమే. ‘కాంటినెంట్’ అంటే కోరికను అదుపులో పెట్టుకున్న వ్యక్తి. ‘చేస్ట్’ ఈ మూడింటికంటే విశాలమైనది. తమ ఆశ్రమానికి తగిన మర్యాదలో ఉన్నవారెవరైనా చేస్ట్ అవుతారు. పెళ్లయినవారికి అది పరస్పర నిష్ఠ, కానివారికి నిగ్రహం, సన్యాసినికి వ్రతం. క్యాథలిక్ సంఘ బోధ ఈనాటికీ ఇదే చెబుతుంది. పిల్లల తల్లి, మనవల తాత కూడా చేస్ట్ కావచ్చు. ఈ సంగతి తెలియక ‘చేస్ట్’కు బ్రహ్మచారి అని తెలుగు చేస్తే అర్థం తలకిందులవుతుంది.

ఎడ్మండ్ స్పెన్సర్ 1590లో వెలువరించిన ‘ఫెయిరీ క్వీన్’ మూడో భాగం ఈ గుణానికే అంకితమైంది. దాని నాయిక బ్రిటోమార్ట్ కవచం తొడిగి, ఈటె పట్టి, తాను పెళ్లాడబోయే వీరుణ్ని వెతుకుతూ తిరుగుతుంది. ప్రేమించడం, పెళ్లిచేసుకోవడం ఆమె చాస్టిటీకి అడ్డుకాదు, అదే దాని గమ్యం. 1634లో లడ్లో కోటలో ప్రదర్శించిన మిల్టన్ నాటకం, ‘కోమస్’ అని ప్రసిద్ధమైనది, అదే గుణాన్ని మరో వైపు నుంచి చూపింది. మాంత్రికుడు కన్యను కుర్చీలో కదలకుండా బంధించగలడు, ఆమె మనసును కదిలించలేడు.

శరీరం బందీ అయినా మనసు బందీ కాదనే ఈ వాదన మిల్టన్‌ది మాత్రమే కాదు. అతని నాటికే దీనికి పన్నెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది, అది ఈ మాట చరిత్రలోకెల్లా బరువైన అధ్యాయం. రోమన్ గాథలో లుక్రేషియా అనే గృహిణిని రాజకుమారుడు బలాత్కరించాడు. ఆమె తండ్రికీ భర్తకూ జరిగింది చెప్పి పొడుచుకుని చనిపోయింది. రాజవంశం పతనానికి అదే కారణమైందని గాథ. రోమ్ ఆమెను శతాబ్దాలపాటు పతివ్రతాశిరోమణిగా కొలిచింది. షేక్‌స్పియర్ 1594లో ఆమె మీద కావ్యం రాశాడు. క్రీ.శ. 410లో గోత్‌లు రోమ్ నగరాన్ని కొల్లగొట్టినప్పుడు ఎందరో క్రైస్తవ స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. వారు లుక్రేషియాలా ఎందుకు చావలేదని నిలదీసినవారికి సెయింట్ అగస్టీన్ ‘దేవుని నగరం’ మొదటి భాగంలో జవాబు చెప్పాడు. చాస్టిటీ మనోధర్మం, మనసు ఒప్పుకోనిదే అది పోదు, పరాయివాడు బలవంతంగా చేసిన పని వల్ల బాధితురాలికి మచ్చ రాదు, తప్పు చేయని మనిషి తనను తాను చంపుకోవలసిన అవసరం లేదు. సిసిరో మనసుకు పెద్దపీట వేసి చెప్పిన సూత్రాన్ని అగస్టీన్ బతికి ఉన్న, బాధపడుతున్న స్త్రీల పక్షాన నిలబెట్టాడు. పదిహేను వందల ఏళ్లు దాటినా, అత్యాచార వార్తల్లో ‘శీలం పోయింది’ అన్న మాట తెలుగులో ఇంకా వినిపిస్తూ ఉండడం విచారకరం. పోవడానికి అది పరాయివాడి చేతిలో ఉన్న వస్తువు కాదు. శీలం అంటే సంస్కృతంలో నడవడి మొత్తం. బౌద్ధుల పంచశీలంలో హింస, దొంగతనం, అబద్ధం, మత్తు మానడం కూడా ఉన్నాయి. ఆ విశాలమైన మాట తెలుగు వాడుకలో స్త్రీ శరీరం దగ్గరికి కుంచించుకుపోయింది. ‘చేస్ట్’ కూడా ఇంగ్లీషులో సరిగ్గా అలాగే కుంచించుకుపోయింది.

ఆ కుదింపు ఎంత దూరం వెళ్లిందో చట్టాల్లో చూడవచ్చు. ఇంగ్లండులో 1891లో చేసిన ఒక చట్టం ప్రకారం, స్త్రీకి చాస్టిటీ లేదని నోటిమాటగా నింద వేస్తే, ప్రత్యేకంగా నష్టం రుజువు చేయకుండానే ఆమె దావా వేయవచ్చు. పురుషుడి మీద అదే నింద వేస్తే ఈ వెసులుబాటు లేదు, ఎందుకంటే అది అతనికి నష్టమని చట్టం అనుకోలేదు. 2013లో వచ్చిన పరువునష్టం చట్టం దాన్ని రద్దుచేసింది. అమెరికాలో చాలా రాష్ట్రాల పాత చట్టాలు, నమ్మించి మోసం చేసిన కేసుల్లో ఫిర్యాదు చేసిన స్త్రీ అంతకుముందు చేస్ట్ ప్రవర్తన గలదై ఉండాలని షరతు పెట్టాయి.

భారతీయ చట్టంలో ఈ విశేషణం ఇప్పటికీ ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కోర్టు ఇప్పించిన భరణాన్ని ఎప్పుడు మార్చవచ్చో, ఎప్పుడు రద్దుచేయవచ్చో చెబుతుంది. భరణం పొందేది భార్య అయితే ఆమె చేస్ట్‌గా ఉండలేదని తేలాలి. భర్త అయితే అతను వివాహేతర సంబంధం పెట్టుకున్నట్టు తేలాలి. తప్పు ఒకటే. భర్త విషయంలో చట్టం ఒక పనిని పేర్కొంది. భార్య విషయంలో ఆమె స్వభావానికి ఒక విశేషణం వేసింది. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం 18వ సెక్షన్ కూడా భార్య ‘అన్‌చేస్ట్’ అయితే వేరుగా ఉండి భరణం పొందే హక్కు లేదంటుంది. చట్టభాష ఇద్దరికీ ఒకే మాట వాడి ఉండవలసింది. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లోనే స్త్రీల హక్కుల సమర్థనలో ఈ సంగతి ఎత్తి చూపింది. పురుషులు చాస్టిటీని లెక్కచేయకపోవడమే మానవజాతిని పీడించే అనేక శారీరక, నైతిక అనర్థాలకు మూలమని ఆమె వాదించింది. మాట మూలార్థం ఆమె వైపే ఉంది, వర్జిల్ పూజారులు మగవారే.

నీతి నుంచి సాహిత్యానికి ఈ మాట ప్రయాణం కొత్తది కాదు. రెండో శతాబ్దిలో ఆలుస్ గెల్లియుస్ తన ‘ఆటిక్ రాత్రులు’లో జూలియస్ సీజర్ భాష గురించి చెబుతూ, సమకాలికులందరిలోకీ అతనిది అత్యంత ‘కాస్తుస్’ భాష అన్నాడు. సీజర్ లాటిన్‌లో వింతపదాల కోసం పాకులాట ఉండదు, అలంకారాల మోజు ఉండదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ‘చేస్ట్’కు స్త్రీపురుష సంబంధమైన అర్థం తర్వాత వెంటనే భాషాపరమైన అర్థం ఇచ్చాడు: చెడిపోనిది, అనాగరిక పదబంధాలు కలవనిది అని. అశ్లీలం లేనిదని మరో అర్థం. 18వ శతాబ్ది విమర్శకులకు ఇది ఇష్టమైన మాట. వచనమైనా, శిల్పమైనా, గ్రీకు స్తంభాల పద్ధతిలో కట్టిన భవనమైనా అక్కర్లేని నగిషీ లేకుండా ఉంటే చేస్ట్ అనేవారు. 1952లో కవి, విమర్శకుడు డొనాల్డ్ డేవీ ఇంగ్లీషు కవిత్వంలో పదశుద్ధి గురించి రాసిన పుస్తకంలో ఈ పాత విమర్శ పదాన్ని మళ్లీ ఎత్తుకున్నాడు. అతని పరిశీలన సూక్ష్మమైనది. కవి ఎన్నో మాటలు తన చుట్టూ మూగుతుండగా కొన్నిటిని కావాలని బయట ఉంచాడని పాఠకుడికి తెలుస్తూ ఉంటేనే ఆ పదజాలానికి నిగ్రహమనే గుణం వస్తుంది. మాటలు తెలియక సాదాగా రాసినవాడి వచనానికి ఆ గుణం అబ్బదు. ‘చేస్ట్’ మూలార్థాన్ని సాహిత్య విమర్శలో ఇంత స్పష్టంగా నిలిపినవారు తక్కువ.

జాన్సన్ చెప్పిన అశ్లీలరాహిత్యం అనే అర్థం వెనక ఉన్న విలువలు తెలుగు సాహిత్యాన్ని కూడా తాకాయి. కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ కావ్యాన్ని కందుకూరి వీరేశలింగం తీవ్రంగా నిందించారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పరిష్కరించి ప్రచురించగా ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ నిషేధం తొలగలేదు. అంతకు మించిన శృంగారం ఉన్న మగకవుల కావ్యాలకు లేని అభ్యంతరం దీనికి ఎందుకని నాగరత్నమ్మ అడిగిన ప్రశ్నకు సూటి జవాబు రాలేదు.

ఇంగ్లండులో భాషాపరమైన అర్థం నేడు దాదాపు వాడుక తప్పింది. భారతీయ ఇంగ్లీషులో మాత్రం అది నిత్యం వినిపిస్తుంది. ‘చేస్ట్ హిందీ’, ‘చేస్ట్ తమిళం’, ‘చేస్ట్ తెలుగు’ ఇక్కడి పత్రికల్లో మామూలు మాటలు. లండన్ పాఠకుడికి అవి వింతగా తోస్తాయి, భాషకు పాతివ్రత్యమేమిటని. 18వ శతాబ్ది విమర్శ పరిభాష పాఠ్యపుస్తకాల మీదుగా ఇక్కడికి చేరి, పుట్టినచోట తగ్గిపోయాక కూడా ఇక్కడ నిలిచిందనుకోవడం సమంజసం. దీన్ని తప్పుగా ఎంచనక్కర్లేదు. జాన్సన్ ఇచ్చిన అర్థమే ఇది, గెల్లియుస్ దాకా దీనికి వంశవృక్షం ఉంది.

అయితే ‘చేస్ట్ తెలుగు’ అంటే ఏది కలవని తెలుగు? ఇక్కడ కనీసం మూడు కొలతలున్నాయి, ఒకదానితో ఒకటి పొసగవు. ఇంగ్లీషు కలవని తెలుగు అన్నది ఒకటి. వ్యాకరణం తప్పని, సంస్కృత సమాసాలతో నిండిన సభాభాష అన్నది రెండోది. సంస్కృతమే కలవని అచ్చతెలుగు మూడోది. పత్రికలు సాధారణంగా మొదటిదాన్ని, అవధానాల వంటి సభల గురించి రాసేటప్పుడు రెండోదాన్ని ఉద్దేశిస్తాయి. మూడోదాన్ని ఉద్దేశించడం అరుదు. కానీ తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో శుద్ధికి పేరున్నది మూడోదానికే. ‘అచ్చ’ అనే మాటకు మూలమైన సంస్కృత శబ్దానికి తేటయైన, పారదర్శకమైన అని అర్థం. 13వ శతాబ్దిలో కేతన ‘ఆంధ్రభాషాభూషణం’లో తెలుగు మాటలను విభజిస్తూ తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యాలతో పాటు అచ్చతెనుగును విడిగా లెక్కించాడు. 16వ శతాబ్దిలో పొన్నెగంటి తెలగన తత్సమాలు లేకుండా ‘యయాతి చరిత్రము’ రాశాడు. అచ్చతెలుగు కావ్యాల్లో అది మొదటిది. దాన్ని గోలకొండ సుల్తానుల కొలువులో అధికారియైన అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. అచ్చతెలుగు కావ్యాన్ని ఆదరించినది సుల్తానుల కొలువులోని అధికారి కావడం ఆలోచింపజేసే విషయం. 18వ శతాబ్దిలో కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగులో రామాయణమే చెప్పాడు. ఈ కావ్యాలు నేటి పాఠకుడికి సంస్కృతపదాలున్న పద్యం కంటే కష్టంగా ఉంటాయి, ఎందుకంటే తెలుగువాడి నాలుక మీద తత్సమాలు ఎప్పుడో ఇంటిమాటలైపోయాయి. పాల్కురికి సోమనాథుడు కోరిన జాను తెనుగు వేరే సంగతి. అందరికీ తెలిసే, సులువైన పలుకు అన్నదే అక్కడ ప్రధానం.

పరాయితనం కూడా కాలంతో మారుతుంది. కాగితం, ఖర్చు, హక్కు, జవాబు, రైతు అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చాయి. మేస్త్రీ, ఇస్త్రీ, బొత్తాం, సబ్బు పోర్చుగీసు నుంచి వచ్చాయి. ఏ పత్రికా వీటిని ‘చేస్ట్ తెలుగు’కు మచ్చగా చూడదు. వచ్చి రెండు తరాలైన ఇంగ్లీషు మాట మాత్రం మచ్చ అవుతుంది. గిడుగు రామమూర్తి గ్రాంథికవాదులతో పోరాడినప్పుడు ఇలాంటి తర్కాన్నే ప్రయోగించారు. భాషాశుద్ధి పేరిట వ్యవహారాన్ని తోసిపుచ్చిన పండితుల పుస్తకాలే తీసుకుని, వారి నియమాల ప్రకారమే వారి రాతల్లో తప్పులు ఎత్తి చూపారు. 1933లో వచ్చిన ‘ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజం’ నిండా అలాంటి ఉదాహరణలే. ఎవరూ మాట్లాడని భాషను తప్పులేకుండా రాయడం దాన్ని కాపాడుతామన్నవారికే సాధ్యం కాలేదన్నది ఆయన రుజువు చేసిన విషయం.

‘చేస్ట్ తెలుగు’ అనే మాటను పత్రికలు ఎవరికి వాడతాయో చూస్తే దాని అసలు అర్థం తెలుస్తుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కలెక్టరుకు, వేదికెక్కిన నటుడికి, విదేశీ దౌత్యవేత్తకు, అమెరికాలో పుట్టి తెలుగు సంఘం వేడుకలో మాట్లాడిన అమ్మాయికి వాడతాయి. ఊళ్లో నాటు వేస్తూ మాట్లాడుకునే కూలీల తెలుగును అలా అన్న వార్త దాదాపు కనబడదు. కారణం వారి తెలుగులో లోపం కాదు. ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడగలిగి కూడా తెలుగును ఎంచుకున్నవారికే ఈ విశేషణం దక్కుతుంది. ఆ విషయంలో పత్రికల వాడుక, తెలిసో తెలియకో, రోమన్ మూలార్థానికి విశ్వాసంగా ఉంది. ఇది భాష గుణాన్ని కాక వక్త సంయమనాన్ని మెచ్చుకునే మాట. దాన్ని తెలుగు మాండలికాల మధ్య ఎక్కువతక్కువలు నిర్ణయించే కొలతగా మార్చడం తప్పు. ఉత్తరాంధ్ర, తెలంగాణ, రాయలసీమ పలుకుల్లో ఏదీ మరోదానికంటే చేస్ట్ కాదు.

మిగిలిన పర్యాయపదాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ‘ఇమ్మాక్యులేట్’ అంటే మచ్చలేనిది. ఉతికిన చొక్కాకూ వాడతారు. క్యాథలిక్ సంఘం 1854లో ప్రకటించిన సిద్ధాంతంలో ఈ మాట మరియమ్మ తన తల్లి కడుపున పడినప్పుడే పాపస్పర్శ లేకుండా ఉందని చెబుతుంది. దాన్ని యేసు జననానికి అన్వయించడం పొరపాటు. ‘ప్రిస్టీన్’కు పాత అర్థం మునుపటిదని మాత్రమే; ఇప్పుడు మనిషి చెయ్యి తగలని అడవికీ సముద్రతీరానికీ నప్పుతుంది. ‘చేస్ట్’ నేటి ఇంగ్లీషులో కొంత పాతబడిన, గంభీరమైన మాట. ‘చేస్ట్ కిస్’ అంటే బుగ్గ మీదో నుదుటి మీదో పెట్టే, కామభావన లేని ముద్దు. ‘చేస్ట్ డిజైన్’ అంటే ఆర్భాటం లేనిది. ఒక స్త్రీని నేరుగా చేస్ట్ అనో అన్‌చేస్ట్ అనో వర్ణించడం ఇప్పటి మంచి ఇంగ్లీషులో మర్యాద కాదు, చారిత్రక, మత సందర్భాల్లో తప్ప.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు కూర్చేవారు ఈ మాటకు మూడు అర్థాలు విడివిడిగా ఇవ్వాలి: నిష్ఠ గల, నిరాడంబరమైన, అన్యభాషాపదాలు కలపని. మొదటి అర్థాన్ని పతివ్రత అని స్త్రీలింగంలో మాత్రమే ఇచ్చి ఊరుకోకూడదు. పత్రికల్లో రాసేవారు ‘చేస్ట్ తెలుగు’ అనే బదులు వక్త ఏ మాటలు కలపకుండా మాట్లాడారో చెప్పాలి. చట్టాలు సవరించేవారు భార్యకూ భర్తకూ ఒకే మాట వాడాలి.